పనులపట్టీకి ముందు పసుపు వినాయకుడు

కేశవలంక పండితసభకు తాతల కాలంనుండి వంటచేసే పేరిశాస్త్రిగారి ఇంట బుద్ధికి ఏనాడూ కరవు లేదు. ఆ మాట వారే చెప్పుకునేవారు. ఆయన చెబితే తమ్ముళ్ళు సోమిశాస్త్రి, కామిశాస్త్రి తలలూపేవారు. వారు చెబితే ఆయన ఊపేవాడు. ఆయన ఇల్లాలు సుందరమ్మ ఒక్కతే తల ఊపక పొయ్యి ఊదుకునేది.

ఏకాదశినాడు సభ కార్యదర్శి రంగరాయలుగారు వంటశాలలో ఒక కంప్యూటరు పెట్టించారు.

"శాస్త్రిగారూ, ఇందులో ఏఐ ఏజెంటు ఉంది. పనులపట్టీ అదే చూసుకుంటుంది. మీరు ఏ పని చెప్పినా విని పట్టీలో చేర్చుకుంటుంది, ఏది ఎప్పుడు చేయాలో మైకులో చెబుతుంది. అయితే మన ఆచారాలు దానికి తెలియవు. పట్టీ ఎలా నడపాలో మీరే వివరంగా రాసిపెట్టాలి. రాసింది రాసినట్టే చేయిస్తుంది సుమా! రేపు ద్వాదశి. పండితులందరూ ఉపవాసం. తిథి దాటేలోగా పారణ కాకపోతే వారి వ్రతం చెడుతుంది, మీ మొలనున్న ఆ సరుకులగది తాళంచెవి నాకిచ్చేయాలి."

తాతగారు కట్టుకున్న తాళంచెవి అది! పేరిశాస్త్రి దానిని ఒకమారు భక్తితో తడిమి, గొంతు సవరించుకొని చెప్పసాగాడు. కామిశాస్త్రి ఒక్కొక్క అక్షరానికీ నమస్కరించి మీట నొక్కసాగాడు.

"మొదటి విధి. ప్రతి పనికీ ముందు విఘ్నేశ్వర పూజ చేయవలెను."

"ఆహా! యంత్రం కూడా తరిస్తుందన్నయ్యా!" అన్నాడు సోమిశాస్త్రి.

"రెండవ విధి. పట్టీలో లేనిదానిని ఎవరూ ముట్టరాదు."

"వీపు దురద పెడితే?"

"పట్టీలో చేరేదాకా ఓర్చుకో."

అంతే. విధులు సిద్ధమయ్యాయి.

తెల్లవారింది. ముగ్గురూ స్నానాలు చేసి, మడికట్టుకొని, మైకు ముందు చేతులు జోడించి నిలిచారు.

"పొయ్యి వెలిగించుట," అన్నది ఏజెంటు. "దానికి ముందు విఘ్నేశ్వర పూజ. పూజయు పనియే కనుక, దానికి ముందు విఘ్నేశ్వర పూజ. ఆ పూజకు ముందు విఘ్నేశ్వర పూజ. ఆ పూజకు ముందు..."

"మనకంటె నిష్ఠాపరుడురా!" అని పేరిశాస్త్రి కన్నులు తుడుచుకున్నాడు.

ఇంకేముంది, సోమిశాస్త్రి పసుపు తడిపి వినాయకుణ్ణి చేయడం, పేరిశాస్త్రి పూజించడం, కామిశాస్త్రి బెల్లంముక్క నైవేద్యం పెట్టడం. ఒక స్వామి లేచేలోగా మరొక స్వామి. పీటలు నిండాయి, పళ్ళేలు నిండాయి, రుబ్బురోలు అంచు కూడా నిండింది. పొయ్యి మాత్రం చల్లగా చూస్తున్నది.

అంతలో, సుందరమ్మ కుంపటిమీద పాలు పెట్టి ఏటికి నీళ్ళకు వెళ్ళిందేమో, ఆ పాలు గిన్నె అంచుకు వచ్చాయి.

"అన్నయ్యా, పాలు పొంగుతున్నాయి!"

"పట్టీలో ఉన్నదా?"

"లేదు."

"అయితే పొంగడం లేదు. పసుపు తడుపు."

పాలు కుంపటి ఆర్పాయి. సుందరమ్మ బిందెతో వచ్చింది. ఆమె వెనుకనే రంగరాయలుగారూ వచ్చారు.

"పండితులు విస్తళ్ళ ముందు కూర్చున్నారయ్యా! అన్నమేదీ?"

"అన్నిటికీ ముందరి మూలపూజ ఇంకా రాలేదండీ. వచ్చాక పొయ్యే," అన్నాడు పేరిశాస్త్రి వినయంగా.

సుందరమ్మ బిందె దించింది. "చాల్లెండి సంబడం! పూజకు ముందు మళ్ళీ పూజ అక్కరలేదని రాయండి."

అన్నదమ్ములు ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు. అంత చిన్న మాట అంత పెద్ద బుర్రలలోనికి ఎలా దూరుతుంది? రంగరాయలుగారే మీటలు నొక్కారు. అంతే, మైకు గొంతు మారింది. పొయ్యి వెలిగింది, అన్నం వార్చారు, పప్పు ఉడికింది. పనికొక్క పూజ చొప్పున, పరుగులమీద.

"చివరి పని, వడ్డన," అన్నది ఏజెంటు. "దానికి ముందు విఘ్నేశ్వర పూజ."

సోమిశాస్త్రి పసుపు డబ్బా బోర్లించాడు. చిటికెడైనా రాలలేదు. "పీటలమీది స్వాములున్నారు కదా?" అన్నాడు కామిశాస్త్రి.

"వారివి వారి వారి పనులురా. మరి మిగిలిన పసుపేమైంది?"

"పప్పులో వేశాం."

"అయితే పప్పులోనే ఉన్నది!"

ఇంకేముంది, ముగ్గురూ గుండిగ ఎత్తి ముద్దపప్పునంతా పీటమీద కుమ్మరించారు. కాలుతున్న చేతులను ఊదుకుంటూ తొండం తీర్చారు, బొజ్జ దిద్దారు. పొగలు గ్రక్కుతూ గణపతి వెలిశాడు. దానినలా ఎత్తుకొని పంక్తిలోనికి వస్తుంటే పండితులందరూ దిగ్గున లేచి నమస్కరించారు.

"స్వామిని తింటామా నాయనా? పప్పు లేని విస్తరిలో అన్నం ముడతామా?" అన్నాడొక వృద్ధ పండితుడు, ఆకలితో కన్నులు మూసుకుని.

తిథి దాటిపోతున్నది. పేరిశాస్త్రి చేయి మొలమీదికి పోయింది. అప్పుడు సుందరమ్మ తెల్లవారినప్పటినుండీ పోగుపడిన నైవేద్యాల పళ్ళెం పట్టుకొని వచ్చింది. పండితులు తలా ఒక బెల్లంముక్క, తులసితీర్థం పుచ్చుకొని పారణ ముగించారు. వ్రతం నిలిచింది.

రంగరాయలుగారు చేయి చాపారు. పేరిశాస్త్రి కన్నీళ్ళతో తాళంచెవి విప్పి ఇచ్చాడు. ఆయన దానిని నేరుగా సుందరమ్మ చేతిలో పెట్టారు. "అమ్మా, ఇకమీదట వంటశాల నీది."

మన ఇంటిలోనే ఉన్నదిగదా అని పేరిశాస్త్రికి ప్రాణం లేచివచ్చింది. "లోనికి పదవే, సరుకులగది తాళం తియ్యి. మళ్ళీ పప్పు వండుదాం," అన్నాడు.

మైకు గురగురలాడింది. "కొత్త పని, తాళం తీయుట. దానికి ముందు విఘ్నేశ్వర పూజ."

ముగ్గురూ చటుక్కున చతికిలబడి నలుదిక్కులా పసుపుకోసం వెదకసాగారు. కామిశాస్త్రి మొగం వెలిగింది.

"అన్నయ్యా, వదినను కదలనివ్వకు! ఆవిడ పాదాలకుంది!"