భ్రమరాంబ గారు అడిగిన మొహం

"నా చెయ్యి ఎప్పటికి పనికొస్తుంది మేడం?" అని ఝాన్సీ అడుగుతూనే ఉండేది, తాయారమ్మ గారు విననట్టు ఊరుకుంటూనే ఉండేవారు. కాకినాడలో ఒక బట్టల కొట్టు మేడమీద తాయారమ్మ గారిది ఇరుకు గది. అందులో ఒక పెద్ద అద్దం, వెనక్కి వాలే కుర్చీ, సన్నసూది మిషను. ఒకప్పుడు నాటకాల వాళ్ళకి మొహాలు దిద్దిన మనిషి ఆవిడ. ఇప్పుడు ఆడవాళ్ళ కనుబొమల్లోకీ పెదవుల్లోకీ సూదితో రంగు ఎక్కిస్తారు. ఎక్కించిన రంగు సబ్బు పెట్టి తోమినా పోదు, రెండు మూడేళ్ళు చర్మంలోనే కూర్చుంటుంది. ఆ పని నేర్చుకుని సొంతంగా పార్లరు పెట్టుకుందామని ఝాన్సీ వచ్చి శిష్యురాలిగా చేరింది. చేరి ఏం బావుకుంది? రబ్బరు ముక్కల మీద కనుబొమలు పొడిచీ పొడిచీ విసుగొచ్చింది గానీ, ప్రాణమున్న మొహం ఒక్కటీ ఆమె చేతికి రాలేదు.

పైగా గురువుగారి పద్ధతి ఒకటుంది, అది తల్చుకుంటేనే ఝాన్సీకి ఒళ్ళు మండిపోయేది. ఎవరొచ్చి కూర్చున్నా ఆవిడ ఆ రోజు సూది తియ్యరు. కొన్నాళ్ళకి దానంతటదే పోయే రంగుతో, వాళ్ళు అడిగినట్టే కనుబొమలు దిద్ది, పెదవులు దిద్ది, "ఈ మొహంతో ఇంటికెళ్ళి తిరగండి. మళ్ళీ రావాలనిపిస్తే రండి" అని పంపించేస్తారు. వచ్చినవాళ్ళు ఊరుకుంటారా? "ఆటో కట్టించుకుని ఇంత దూరం వస్తే బొమ్మ గీసి పంపిస్తారేంటండీ బాబూ" అని తగువు పెట్టుకుంటారు. సగం మంది మళ్ళీ ఇటు మొహం చూపించరు, వీధి చివర కొత్తగా వెలిసిన పార్లరుకి పోతారు. అక్కడ అడగడమే ఆలస్యం, పని అయిపోతుంది. చేజేతులా బేరాలు పోగొట్టుకునే మనిషి దగ్గర నేనేం నేర్చుకుంటాను నా మొహం, అని ఝాన్సీ రోజూ అనుకునేది, మర్నాడు మళ్ళీ వచ్చేది. ఎందుకంటే తాయారమ్మ గారు వేసిన కనుబొమ వేసినట్టు ఉండదు, మొలిచినట్టు ఉంటుంది. అది ఊళ్ళో ఇంకెవరికీ చేతకాదు.

ఆ వేళ మాత్రం ఆమె వదల్లేదు. "ఇవాళ చెప్పాల్సిందే మేడం. నా గీత వంకర పోతోందా? చెయ్యి వణుకుతోందా? లోపమేంటో చెప్పండి, దిద్దుకుంటాను. ఇంట్లో వాళ్ళకి నేనేం సమాధానం చెప్పుకోను?" అని ఎదురుగా వచ్చి నిలబడింది.

తాయారమ్మ గారు టీ గ్లాసు కింద పెట్టారు. "అబ్బబ్బ, నీతో చచ్చే చావొచ్చిందే! సరే, ఇప్పుడు మెట్లెక్కి ఎవరొస్తే వాళ్ళు నీవాళ్ళు. గీతా నీదే, సూదీ నీదే. నేను నోరెత్తను. గీసి ఇంటికి పంపే పద్ధతి మాత్రం తప్పడానికి వీల్లేదు" అన్నారు. ఝాన్సీకి ఎగిరి గంతెయ్యాలనిపించింది.

వచ్చినావిడ పేరు భ్రమరాంబ. యాభై దాటిన మనిషి, మంచి చీర, మెట్లెక్కిన ఆయాసం. కూర్చుంటూనే ఫోను తీసి కొడుకు నిశ్చితార్థం ఫొటో చూపించారు. అందులో తల దించుకుని కూర్చున్న పెళ్ళికూతురు తప్ప అందరూ పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నారు. ఈవిడ ఒక్కరే కనుబొమలు ముడేసి, పెదాలు బిగించి, ఎవరినో కొట్టడానికి వచ్చినట్టు నిలబడి ఉన్నారు. "చూశావా అమ్మాయ్, ఇదీ నా అవతారం. మనసులో ఏదున్నా మొహం మీదకి తన్నుకొచ్చేస్తుంది, దాచడం నా వల్ల కాదు. ఇంట్లో అదే మాట, పేరంటానికెళ్ళినా అదే మాట, ఏంటలా ఉన్నావు, ఏంటలా ఉన్నావు అని. విని విని నా చెవులు చిల్లులు పడ్డాయి. ఇప్పుడు పెళ్ళికూతురు, సుమేధ అని, ఆ పిల్ల ఈ ఫొటో చూసి ఒకటే ఏడుపట. అత్తగారికి నేనంటే గిట్టదు, ఈ సంబంధం నాకొద్దు అంటోందట. మా వాడు నా మీద ఎగురుతున్నాడు. మా ఆయన సరేసరి. ఈ కనుబొమలు పైకెత్తు, పెదాల చివర్లు నవ్వుతున్నట్టు దిద్దు. నా మూలాన పెళ్ళి ఆగిపోయిందంటే నేను బతికుండి ఏం లాభం?" అన్నారు.

ఝాన్సీకి జాలి వేసింది. నిజం చెప్పొద్దూ, లోపల సంబరమూ వేసింది. ఒక పెళ్ళి నిలబడాలి, అది తన చేతిలో ఉంది, ఇంతకన్నా ఏం కావాలి? వడ్రంగి చెక్క మీద కొట్టినట్టు రంగు పూసిన దారంతో నుదుటి మీద గీతలు కొట్టి కొలిచింది. ముక్కు మీద ముడిపడే కొసల్ని చెరో పక్కకి జరిపింది, చివర్లు పైకెత్తింది, పెదవుల మూలల్లో గులాబి రంగుని కాస్త పైకి పాకించింది. భ్రమరాంబ గారు అద్దంలోకి చూసుకుని, మళ్ళీ చూసుకుని, "ఓసి నీ చెయ్యి చల్లగుండా! ఇదేనమ్మా నాకు కావాల్సింది. పొడిచెయ్యి" అన్నారు.

ఝాన్సీ ఆశగా గురువుగారి వంక చూసింది. గురువుగారు కిటికీలోంచి వీధి చూస్తున్నారు. ఇంకేం చేస్తుంది? పళ్ళు కొరుక్కుంటూ, "ఈ మొహంతో ఇంటికెళ్ళి తిరగండి ఆంటీ. మళ్ళీ రావాలనిపిస్తే రండి" అంది. భ్రమరాంబ గారు గయ్యిమని లేచారు. వేళాకోళంగా ఉందా, నా కొంప మునుగుతుంటే మీకు ఆటలుగా ఉందా అని మెట్ల మీదకంటా తిట్టుకుంటూ పోయారు. కానీ ఆ దిద్దిన మొహంతో తిడుతుంటే తిట్టినట్టే లేదు, మేలమాడుతున్నట్టు ఉంది.

"ఇక ఆవిడ రాదు మేడం. మొదటి బేరం బూడిదలో పోశారు" అంది ఝాన్సీ ఉక్రోషంగా. తాయారమ్మ గారు నోరెత్తలేదు. ఇచ్చిన మాట అంటే మాటే మరి.

కానీ ఆవిడ వచ్చారు. దిద్దిన రంగు ఇంకా వెలవకముందే వచ్చి, తిన్నగా కుర్చీలో వాలి, "కానీ తల్లీ" అన్నారు. ఝాన్సీ గురువుగారి వైపు ఒక చూపు చూసింది, చూశారా అన్నట్టు. నొప్పి తెలియకుండా కనుబొమల మీదా పెదవుల మీదా తిమ్మిరెక్కించే మందు పూసింది. అది పట్టేలోగా రంగు కలుపుతూ, "ఇంట్లో ఏమన్నారాంటీ?" అని మాటవరసకి అడిగింది. అడక్కపోయినా బాగుండేది.

"ఏమంటారు, పండగ చేసుకున్నారు. గుమ్మంలో అడుగు పెట్టగానే మా ఆయన, ఇవాళ సూర్యుడు ఎటు పొడిచాడో అన్నారు. మా వాడు ఫొటో తీసి సుమేధకి పంపాడు. పాపం ఆ పిల్ల కూడా కుదుటపడిందట."

"మరింకేం!"

"ఇంకేం లేదు. ఒక్కటే." భ్రమరాంబ గారు పైకప్పు కేసి చూస్తూ మొదలెట్టారు. "ఆ నిశ్చితార్థం నాడు పదిమందిలో మా ఆయన ఏమన్నారో తెలుసా? పెళ్ళయ్యాక కోడలికి ఉద్యోగం ఏంటండీ, మాన్పించేస్తాం అన్నారు. ఆ పిల్ల తండ్రి, మీ ఇష్టం బావగారూ అన్నాడు. మా వాడు తలూపాడు. ఆ పిల్లని అడిగిన పాపాన ఒక్కడు పోలేదు. తల దించుకుని కూర్చుంది. డీఎస్సీ కొట్టి టీచరుద్యోగం తెచ్చుకున్న పిల్ల అది, మాటలా? నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అంతమందిలో నోరు తెరవలేక గుడ్లురుముతూ నిలబడ్డాను. సరిగ్గా అప్పుడే నొక్కాడు ఆ ఫొటోల వెధవ."

ఝాన్సీ చేతిలో రంగు కలుపుతున్న పుల్ల ఆగింది.

"మొన్న ఇక్కణ్ణించి వెళ్ళాక అన్నాల దగ్గర గట్టిగానే అడిగాను. ఆ పిల్ల ఉద్యోగం మాన్పించారంటే నేను పెళ్ళి పందిట్లో అడుగు పెట్టను అన్నాను. తండ్రీ కొడుకులిద్దరూ పగలబడి నవ్వారు. అమ్మ జోకులు కూడా వేస్తోందే అన్నాడు మా వాడు. ఇదివరకు నా మొహం చూస్తే ఆయన ముద్ద నోట్లో పెట్టుకోడానికి జంకేవారు. ఇప్పుడు పెరుగు వేసుకుంటూ, ఇంకోటి చెప్పు అన్నారు."

"అయితే ఇది వద్దా ఆంటీ?"

"వద్దని ఎవరన్నారు? పొడిచెయ్యి. ఇన్నేళ్ళకి ఇల్లు చల్లగా ఉంది. పెళ్ళి నిలబడింది. నా కోపం ఎవడిక్కావాలి?" మందు పట్టి అప్పటికే పెదాలు మొద్దుబారుతున్నాయి, ఆఖరి మాట ముద్దగా వచ్చింది. ఆవిడ కళ్ళు మూసుకున్నారు.

ఝాన్సీ మిషను తీసుకుంది. అది జుమ్మంది. ప్రాణమున్న మొహం మీద ఆ చప్పుడు కోసం ఎన్నాళ్ళ నుంచి ఎదురుచూసిందో! గీత తీరుగా ఉంది. చెయ్యి వణకడం లేదు. సూది కనుబొమ దాకా వెళ్ళి అక్కడే ఆగింది, దిగమంటే దిగదు. ఛీ, ఈవిడ ఇదంతా నాకెందుకు చెప్పాలి, నోరు మూసుకుని పడుకుని ఉంటే ఈపాటికి సగం అయిపోయేది కదా, అని ఆమెకి ఏడుపొచ్చినంత పని అయింది. గురువుగారి వంక చూసింది. గురువుగారికి వీధిలో ఏం కనిపిస్తోందో గానీ, తల తిప్పితే ఒట్టు. ఝాన్సీ మిషను ఆపేసింది.

"ఆంటీ, మీ కోపం ఎవరి మీదో ఆ అమ్మాయికి తెలుసా?"

"ఎలా తెలుస్తుంది? ఎవరు చెప్తారు?"

"మీరు చెప్పలేదా?"

భ్రమరాంబ గారు లేచి కూర్చున్నారు. "నువ్వు రంగు వెయ్యడానికున్నావా, పంచాయితీ చెయ్యడానికున్నావా? మొన్న వెళ్ళమన్నావు, వెళ్ళాను. రమ్మన్నావు, వచ్చాను. ఇంకా ఏంటి నీ సాగదీత?"

"నేను వెయ్యనండీ" అంది ఝాన్సీ. విసుగో, దుఃఖమో, గొంతు పెద్దదే అయింది. "ఇంటిల్లిపాదీ నవ్వుతున్న చోట ఆ పిల్ల కోసం మొహం ముడుచుకున్నది మీరొక్కరే. దాన్ని కూడా నా చేత చెరిపించకండి. కావాలంటే వీధి చివర పార్లరుంది, అక్కడికి పొండి."

భ్రమరాంబ గారు ఆమెని కొరకొరా చూశారు, అంటే అలా చూశారని అనుకోవాలి, పై రంగు చూస్తే ఆశీర్వదిస్తున్నట్టే ఉంది. తర్వాత ఫోను తీశారు. మందు అంటుకోకుండా దూరంగా పట్టుకుని స్పీకరు పెట్టి మాట్లాడారు. "సుమేధా, నేనమ్మా. ఆ ఫొటోలో కోపం నీ మీద కాదే. మీ మావగారి మీద, నీకు కాబోయే మొగుడి మీద. నువ్వు ఉద్యోగం మానొద్దు. నేనున్నాను..." చెప్పాల్సింది కొండంత ఉంది, పెదాలు మాత్రం ఆవిడవి కానట్టు వేలాడుతున్నాయి. మాట జారిపోతోంది, చొంగ తుడుచుకుంటూ మళ్ళీ మొదలెడుతున్నారు, కుదరక తన మీద తనే విసుక్కుంటున్నారు.

అవతల్నుంచి ఆ పిల్ల గాభరాగా అడిగింది: "అత్తయ్యగారూ, మీ మాట అలా వస్తోందేంటండీ? ఒంట్లో బాగాలేదా? పక్కన ఎవరైనా ఉన్నారా? ఎక్కడున్నారో చెప్పండి, నేను సెలవు పెట్టి వచ్చేస్తాను."

భ్రమరాంబ గారి దిద్దిన కనుబొమలు పైకే ఉన్నాయి, వాటి కింద అసలు మొహం ముడుచుకుపోయి, కళ్ళల్లోంచి ధారలు కట్టింది. పెళ్ళి మాటలు మొదలైన దగ్గర్నుంచీ నువ్వెలా ఉన్నావని ఆవిణ్ణి అడిగినది ఆ పిల్ల ఒక్కతే. ఝాన్సీ ఫోను అందుకుని, కంగారేం లేదని ఆ పిల్లకి నచ్చచెప్పాల్సి వచ్చింది.

తర్వాత ఆవిడే రంగు తుడిచెయ్యమన్నారు. నూనె పెట్టి రుద్దితే పోయినంత మేరకు పోయింది. ఒక కనుబొమ నవ్వుతూ, రెండోది చిరాకుపడుతూ ఉండగానే, ఇంటికెళ్ళి మా ఆయనతో తేల్చుకోవాలని మెట్లు దిగి వెళ్ళిపోయారు.

ఝాన్సీ ఆ ఖాళీ కుర్చీలో కూలబడింది. చేతికందిన మొదటి మొహం, సూది ముట్టకుండానే పోయింది. అదీ ఎవరో పోగొడితే పోయింది కాదు, తనే పొమ్మంటే పోయింది. పక్క పార్లరు దారి కూడా తనే చూపించింది. "తిట్టండి మేడం. నాలుగు తిట్టి నన్ను కూడా ఇంటికి పంపించెయ్యండి" అంది మోకాళ్ళలో తల పెట్టుకుని.

తాయారమ్మ గారు కిటికీ దగ్గర్నుంచి కదిలారు. కలిపిన రంగు పారబోశారు, కొత్త సూది తీసి మిషనుకి బిగించి, దాన్ని తెచ్చి ఝాన్సీ కుడి చేతి పక్కన పెట్టారు.

"రేపు పొద్దున్నే ఒకావిడ వస్తానంది. నువ్వే చూసుకో, నేను రాను" అన్నారు.