ఇనుప పిట్ట నేర్చిన పని

పాడుబడ్డ దిగుడుబావి మీదికి వంగిన ఈతచెట్టే గిజిగాడు సిద్ధప్పకు కొలువూ, కాపురమూ. దేవుడు వాడికి చేతులివ్వలేదు గానీ ముక్కిచ్చాడు. ఆ ముక్కుతో అల్లిన గూడు గాలివానకు ఊగుతుందే తప్ప ఊడదు.

ఒకనాడు నక్క మామ ఒక ఇనుప పిట్టను తెచ్చి చెట్టుకింద పెట్టి, వంగి వంగి దండాలు పెట్టాడు. అతివినయం ధూర్తలక్షణమని పెద్దలు ఊరికే అన్నారా? ఎదుటివాడు చేసేది చూసి అచ్చం అలాగే చేస్తుందట ఆ పిట్ట. పన్నెండు రోజులు చూడనిస్తే, గూడు చేతకాని గువ్వలన్నిటికీ ఇళ్లు కట్టిపెడుతుందట. పరోపకారమనేసరికి సిద్ధప్ప కరిగిపోయాడు.

పక్క ఈతమట్ట మీద కూర్చుని పిట్ట గాజుకళ్లు ఆర్పకుండా చూసింది. వాడు పోచ చీలిస్తే చీల్చింది, ముడి వేస్తే వేసింది. పని ఎంతవరకొచ్చిందో చూడ్డానికి మామ రోజూ వచ్చేవాడు. గూడు అల్లే వేళ నాలుగుకాళ్లది ఏది దగ్గరికొచ్చినా నెత్తిన మూడు పోట్లు పొడవడం సిద్ధప్ప వంశాచారం. మామ పోట్లు తిని, లాభం తలుచుకుని, తల రుద్దుకుంటూ పోయేవాడు.

పదమూడోనాడు మామ పిట్టను రేగుకంపలో పనికి పెట్టి, గువ్వలు బెదరకుండా తాను తప్పుకున్నాడు. వారం తిరిగాక సిద్ధప్ప చూడబోతే ఏముంది, గూళ్లన్నీ నేలకు మూరెడెత్తున వేలాడుతున్నాయి. వాటినిండా గుడ్లు. అదిగో, మామ నాలుక చప్పరిస్తూ రానే వచ్చాడు.

సిద్ధప్పకు ఒళ్లు మండిపోయింది. "మా తాతలు నీకందకుండా నూతిమీద ఎందుకు అల్లారో, ఆ ఒక్కటీ వదిలేశావేం మామా?"

"ఆ ఒక్కటే నాకక్కర్లేదు అల్లుడూ. ఇక నువ్వూ అక్కర్లేదు. వెళ్లి గింజలేరుకో."

"దేవుడిచ్చిన విద్య పంచమంటే పంచాను. పసికూనల్ని నీకు పలారం పెట్టడానికా?"

మామ నవ్వి, దగ్గరి గూట్లోకి పంజా చాచాడు. ఇనుప పిట్ట ఇంకా ఆఖరి గూడు అల్లుతూనే ఉంది. నాలుగుకాళ్లది దగ్గరికొచ్చింది. అంతే, పోచ వదిలేసి దూకింది. సిద్ధప్పది గడ్డి చీల్చే ముక్కు. దీనిది ఉక్కు.

ఒకటి, రెండు, మూడు.

"ఆగవే, నిన్ను తెచ్చింది నేనే" అని మామ మొత్తుకున్నాడు. ఆ సంగతి దానికెవరూ నేర్పలేదు మరి. ఎన్నిసార్లు తిరిగొస్తే అన్నిసార్లు మూడేసి పోట్లు. చివరికి బోడినెత్తితో పొలిమేర దాటాడు.

"అదీ నా పనితనమే మామా," అని వెనకనుంచి కేకేశాడు సిద్ధప్ప. "పన్నెండు రోజులూ తల వంచి నువ్వే నేర్పించావు."

ఒకరి విద్యను కాజేసేవాడికి, దాంతోపాటు వాళ్ల కోపమూ వచ్చి పడుతుంది.