మీసాల దుప్పటి

అనగా అనగా చలికి పుట్టినిల్లయిన ఒక దేశం. పేరు మంచుకోన. దాన్ని ఏలే రాజు వీరభోజుడు. మనసు మంచిదే, కానీ ఆ మంచితనం నలుగురికీ కనబడాలన్న యావ ఎక్కువ. ఏం చేస్తాం, రాజులకు అదో జబ్బు.

ఒక ఏడు చలికి గొడ్లు కూడా కొయ్యబారిపోయాయి. రాజు ఇంటింటికీ ఒక నీలిరంగు దుప్పటి పంచిపెట్టాడు. పంచినవాడు ఊరుకోవచ్చు కదా! ప్రతి దుప్పటి నడిమధ్య తాంబూలం పళ్ళెమంత తన మొహం, మెలితిప్పిన మీసాలతో సహా, లక్కరంగుతో అచ్చు కొట్టించాడు. "ఈ బొమ్మ చెరిపినవాళ్ళు దేశం విడిచి పోవాలి" అని చాటింపు కూడా వేయించాడు.

ఆ ఊరి ఏటి రేవులో నూకాలు బట్టలుతికేది. అరవై దాటిన మనిషి. నడుము పట్టేసింది, వేళ్ళు నీళ్ళలో నాని నాని ముడతలు పడిపోయాయి. పొద్దున్న లేస్తూనే "ఇంకెన్నాళ్ళు తల్లీ ఈ చాకిరీ" అని ఏటినే అడిగేది. కానీ ఆ రేవు తప్ప ఆమెకు ఇంకో దిక్కు లేదు, ఇంకో పని రాదు.

ఒక మధ్యాహ్నం కుమ్మరి శరభయ్య వచ్చాడు. "అక్కా, ఈ మొహం తీసిపెట్టు. సంతలో కుండకు ధర చెబితే చాలు, 'ధర్మపు దుప్పటి కప్పుకున్నవాడివి, నీకింత ధరేమిటి' అంటున్నారు."

నూకాలు నిట్టూర్చింది. "ఒక పూట ఆముదం పట్టించాలి నాయనా. ఒక పూట చౌడు కలిపిన వేడినీళ్ళలో నానబెట్టాలి. ఇంకో పూట ఆల్చిప్ప అంచుతో, పోగు తెగకుండా గీకాలి. నా ప్రాణం తోడేస్తుంది. అంతా చేసి బొమ్మ తీసినా దాని చోటు పోదు. చుట్టూ గుడ్డ వెలిసిపోయింది కదా, అక్కడ మాత్రం కొత్తగా కనిపిస్తూనే ఉంటుంది."

శరభయ్య కదల్లేదు. ఆమె కాదనలేకపోయింది.

మర్నాడు బాలింత మంగతాయి వచ్చింది. "అత్తా, పిల్లాడికి ఉన్నది ఇదొక్కటే. ఆ మీసాలు చూసి జడుసుకుంటున్నాడు, పాలు తాగడం లేదు." ఇదెక్కడి గోల అనుకుంటూనే నూకాలు అదీ తీసుకుంది.

మూడోనాడు ఒంటికాలి బంటు కోదండయ్య కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. దుప్పటి మడత విప్పి బండ మీద పరిచాడు. "యుద్ధంలో రాజుగారికి కాలు ఇచ్చాను నూకాలూ. దాని మీద నా మొహం అచ్చు కొట్టి ఇవ్వలేదు" అన్నాడు. నూకాలు ఆముదం సీసా అందుకుంది.

మొహం లేని దుప్పట్లు రేవులో ఆరుతుంటే భటులు చూడనే చూశారు. ఆమెను సభకు పట్టుకుపోయారు.

"ప్రభూ, కాస్త కూర్చోనా? కాళ్ళు లాగేస్తున్నాయి" అంది నూకాలు. ఎవరూ అవుననకముందే కూర్చుంది.

"ఈ దుప్పట్లు ఎవరివి?" అన్నాడు రాజు.

"చెప్పను ప్రభూ. ఉతకడానికి వేసినవాళ్ళ గుట్టు చాకలి దాటి పోకూడదు."

"నా బొమ్మ చెరిపేస్తే నేనిచ్చానని ఎవరికి తెలుస్తుంది?"

"కప్పుకున్నవాడికి తెలుస్తుంది. చలేసినప్పుడల్లా తెలుస్తుంది. మిగతావాళ్ళకు తెలిసి ఏం లాభం?"

రాజుకు మండుకొచ్చింది. "నా పేరు చెరపడం నీకంత తేలికైపోయిందా?"

"తేలికా? నా వేళ్ళు చూడండి. మీ పేరు మోయలేక వాళ్ళు, తీయలేక నేను, అందరం అలిసిపోయాం. నమ్మకపోతే వచ్చి ఒకటి గీకి చూడండి."

"వస్తాను. బొమ్మ తేలిగ్గా ఊడి వచ్చిందా, పొద్దుగూకేలోగా నువ్వు పొలిమేర దాటాలి" అన్నాడు రాజు.

రాజు రేవులో దిగాడు. నానిన దుప్పటి ఒకటి పట్టుకుని గీకాడు, గీకాడు, గీకాడు. గోళ్ళు చిట్లాయి, నడుము విరిగినంత పనయింది. ఒక మీసం మాత్రం ఊడింది. ఇంతలో ఏటిగాలి ఎత్తుకుంది. తడిసిన బట్టలతో రాజు బండ మీద కూలబడి గడగడ వణికాడు.

నూకాలు గట్టెక్కి ఒక చిరుగుల బొంత తెచ్చి ఆయన భుజాల చుట్టూ కప్పింది. కాసేపటికి రాజు పళ్ళు టకటకలాడడం మానాయి. "ఎవరిదమ్మా ఇది?" అన్నాడు.

"ఎవరిదైతేనేం ప్రభూ. కప్పుకోండి" అని ఆమె మళ్ళీ నీళ్ళలోకి దిగింది.

రాజు ఆమె వైపు చూశాడు. తడిసిన కోక ఒంటికి అంటుకుపోయి, పెదాలు నల్లబడి, ఆ ముసలిది నిలువెల్లా వణుకుతూ ఉతుకుతోంది. బొంత ఎవరిదో అప్పుడు తెలిసింది ఆయనకు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు. ఆ రోజే తన మొహం చెక్కిన అచ్చుదిమ్మెను పొయ్యిలో పెట్టించాడు. నూకాలును రేవు నుంచి ఎవరూ కదిలించలేదు.

పేరు చెప్పకుండా కప్పిందే దానం. పేరు అచ్చు కొట్టి ఇచ్చింది మోసేవాడికి బరువు.