తడి ఆరందే రెండో కుండ పోయని ఆరుతడమ్మ గుడి

శ్రీ ఆరుతడమ్మ అమ్మవారి సన్నిధికి వచ్చే భక్తులు ముందుగా గమనించేది, ఈ గుడికి పైకప్పు లేదు. చందాలు రాక కాదు. కప్పు వేయిస్తామని దాతలు ఎందరు ముందుకు వచ్చినా ఊరివారు చేతులు జోడించి వద్దన్నారు. అమ్మవారి రాయి మీద ఎండ పడాలి. అభిషేకానికి ఒక్క కుండ నీళ్ళే పోస్తారు. ఆ తడి పూర్తిగా ఆరి, రాయి మళ్ళీ తన రంగుకు వచ్చేదాకా రెండో కుండ ఎత్తరు. పట్నం నుంచి కార్లలో డబ్బాలకొద్దీ నీళ్ళు తెచ్చుకుని తొందరపడే వారిని కూడా పూజారి వేపచెట్టు నీడన కూర్చోబెడతాడు. ఆయన మీద కోప్పడి ప్రయోజనం లేదు. ఇక్కడ ఎవరి పలుకుబడీ సాగదు.

దర్శనానికి ముందు ప్రతివారూ పొలాల దిగువన ఉన్న మురుగు కాలువలో ఒక తట్ట పూడిక తీసి గట్టున వేయాలి. మురుగు అనగానే ముక్కు మూసుకోనక్కరలేదు. పొలాల్లో మిగిలిన నీరు వంకలోకి పోయే దారి అది. ఈ ఆచారాలు ఎలా వచ్చాయో పెద్దలు చెప్పిన ప్రకారం కింద వ్రాస్తున్నాము.

పూర్వం ఇక్కడ వానను నమ్ముకున్న మెట్టచేలు తప్ప మరేమీ లేవు. వాన ముఖం చాటేస్తే గంజి కూడా కరువయ్యేది. ఊరివారంతా ఒక్కటై కొండవాగుకు అడ్డంగా కట్ట వేసి, అక్కడి నుంచి కాలువ తవ్వుకున్నారు. ఆ తవ్వకంలో గట్టు విరిగి మీద పడి, తిప్పక్క అనే ఇల్లాలి భర్త చనిపోయాడు. కాలువ పారిన రోజున ఊరంతా సంబరం చేసుకుంటూ ఉంటే తిప్పక్క ఆ నీటిని దోసిట పట్టి, కళ్ళకద్దుకుని, తనివితీరా ఏడ్చింది. కాలువ మొదట్లో ఒక నిలువు రాయిని నిలిపి, గంగమ్మ తల్లిగా అందరూ కొలవసాగారు.

తిప్పక్క పొలం కాలువకు మొదటిది. నీరు ముందు ఆమె మడిలోకి వచ్చి, గట్టుకు కొట్టిన గండి గుండా ఆమె మరిది సుంకన్న మడిలోకి దిగేది. ఆ గండినే ఇక్కడివారు మడవ అంటారు. అలా మడి నుంచి మడికి దిగుతూ, నీరు చివరకు ఊరిపెద్ద కంబగిరి పొలంలో ఆగేది. తాతల నాటి నుంచి నీటికి మొహం వాచిన వాళ్ళు కదా, మడవ మూయడానికి ఎవరికీ చేతులు రాలేదు. పైరు అడిగినా అడగకున్నా రాత్రింబవళ్ళు పారించారు.

మొదట్లో గాదెలు నిండాయి. కొన్నేళ్ళకు కథ అడ్డం తిరిగింది. తిప్పక్క బండ్లకొద్దీ పెంట ఎరువు తోలినా ఆమె పైరు పసుపు తిరిగి మోకాలెత్తు దాటలేదు. ఆ పెంట సారమంతా నీళ్ళ వెంట కొట్టుకుపోయి సుంకన్న మడిలో చేరింది. అతని వరి ఏపుగా, నల్లగా పెరిగి చూసేవారి కళ్ళు కుట్టించింది. తీరా కోతకు వచ్చేసరికి నేలకు ఒరిగింది. ఆకే తప్ప గింజ లేదు. ఇక కంబగిరి పొలంలో నీరు చేరడమే గాని బయటికి పోయే దారి లేదు. నిలిచిన నీరు అడుగున ఉన్న ఉప్పును కరిగించి పైకి తెచ్చింది. ఒక వేసవిలో నీరు ఇంకిపోగానే నేలంతా తెల్లగా పొక్కు కట్టింది. బట్టలుతికేవారు తట్టలతో వచ్చి చౌడుమట్టి తవ్వుకుపోయారు. దారిన పోయే గొర్రెల మంద గట్టు మీది గడ్డి వదిలి ఆ పొలంలో నేలను నాకింది. కంబగిరి నిలబడి చూసి, మందను అదిలించకుండానే ఇంటికి పోయాడు. రైతుకు అంతకంటే తలవంపు ఉండదు.

తల్లికి కోపం వచ్చిందనుకున్నారు జనం. ఆ కోపం చల్లార్చడానికి వంతులు వేసుకుని రాయి మీద కుండలకు కుండలు కుమ్మరించారు. రాయికి పాచి పట్టింది. పాపం, పొలంలో చేసే పనే గుడిలోనూ చేశారు. చివరకు కంబగిరి ఊరిని రచ్చబండ దగ్గర కూర్చోబెట్టి, ఈ కారు పంట కూడా పోతే ఇళ్ళు విడిచి కొండ అవతలకు వెళ్ళిపోదామన్నాడు. అందరూ తలలు ఊపారు. తిప్పక్క ఊపలేదు. భర్త ప్రాణం ధారపోసి తెచ్చిన కాలువ అది. దాన్ని వదిలేసి పోతే ఆ మనిషి ఎందుకు చచ్చిపోయినట్టు? ఆ ప్రశ్న ఆమెను తిననివ్వలేదు.

ఆ మరునాడు మధ్యాహ్నం పొలం గట్టున ఆమెకు కునుకు పట్టింది. కలలో తడిచీరతో ఒక స్త్రీ వచ్చి ఎదుట నిలబడింది. ఆమె పాదాలు నీళ్ళలో నాని నాని తెల్లగా పాలిపోయి, వేళ్ళ సందులు ఒరిసి ఉన్నాయి. చలికి వణుకుతూ ఆమె ఇలా అడిగింది.

“తడిపినారు, సంతోషం. ఒక్క దినమన్నా ఆరనిచ్చినారా? నీళ్ళు వచ్చేదానికి దారి పెట్టినారు. పోయేదానికి దారి ఏదే, తిప్పక్కా?”

తిప్పక్క ఉలిక్కిపడి లేచి తన కాళ్ళు చూసుకుంది. అవీ అలాగే ఉన్నాయి. ఆమె నేరుగా రాయి దగ్గరకు పోయి కొంగుతో తడి తుడిచింది. కుండలతో వచ్చిన వారిని చేయి అడ్డం పెట్టి వెనక్కి పంపింది. తరువాత పొలానికి వచ్చి, కాలువ నుంచి తన మడిలోకి వచ్చే దారికి అడ్డం వేసి, నాలుగు పారల మట్టితో మరిది మడిలోకి దిగే మడవ మూసేసింది.

సుంకన్న పార భుజాన వేసుకుని వచ్చాడు.

“మడవ తియ్యి వదినా. నా నోట్లో మట్టి కొట్టొద్దు.”

“నీళ్ళు ఆపేది కాదు సుంకన్నా. నా చేని సారమంతా నీ మడిలోకి పోతాండాది, నీది పెద్దాయన మడిలోకి. ముగ్గురమూ చెడిపోతిమి. గట్టెంబడి నా చేన్లోనే జాగా ఇడుస్తా, కాలువ తవ్వుదాం. ఎవురి తడి వాళ్ళు పెట్టుకుందాం, ఎవురి మడవ వాళ్ళు మూసుకుందాం.”

అంత కాలువ ఎవరు తవ్వుతారని అతను అడిగాడు. ఆమె పార ఎత్తింది. సుంకన్న విసవిసా పోయి కంబగిరికి ఫిర్యాదు చేశాడు. మడవను బలవంతంగా తెరిపించనని, అలాగని ఒక్క మనిషిని కూడా సాయం పంపనని కంబగిరి తేల్చేశాడు. ఆయన మనసు అప్పటికే బండి ఎక్కింది.

తిప్పక్క ఒక్కతే తవ్వింది. అరచేతులు బొబ్బలెక్కితే గుడ్డ చుట్టుకుంది. నీళ్ళు తెచ్చి మొగుడు పోయె, నీళ్ళు మూసి పెండ్లాము పోతాదని గట్టున పోయేవాళ్ళు ఎగతాళి చేశారు. ఆ మాట ములుకులా గుచ్చుకున్నా ఆమె తల ఎత్తలేదు. కాలువ తన చేను దాటి సుంకన్న గట్టుకు చేరిన రోజున నీరు వదిలింది. సుంకన్న దోసిట పట్టి చూశాడు. పెంటనీళ్ళ రంగు లేదు, నలకలు లేవు. కొండవాగులో ఎలా ఉంటుందో అలాగే వచ్చింది. అతను తన చేని వెంబడి తానే తవ్వడం మొదలుపెట్టాడు.

నీరు వచ్చే దారి కుదిరింది. పోయే దారి మిగిలింది. అది అన్నిటికంటే పల్లంలో, కంబగిరి పొలం నుంచి వంక దాకా పడాలి. తిప్పక్క అక్కడికి పోయేసరికి కంబగిరి బండికి చాపలు, కుండలు ఎక్కించి ఎద్దులను కడుతున్నాడు.

“ఇడిసిపోయేవాని చేన్లో ఏం తవ్వుతావమ్మా?” అన్నాడాయన.

“పోవాల్సింది నువ్వు కాదు మామా, ఉప్పు. దానికి దారి ల్యాక ఈడ్నే కూసుండాది.”

ఆయన ఆ తెల్లటి నేలకేసి చూశాడు. తరువాత ఎద్దులను విప్పి, చాపల అడుగున కట్టిన పారను బయటికి లాగాడు. ఆయన దిగాక ఊరు దిగకుండా ఉంటుందా? ఎగతాళి చేసినవాళ్ళే ముందు వరుసలో నిలబడి తట్టలు మోశారు.

మురుగు కాలువ వంకలో కలిశాక, చౌడు పొలాన్ని నిండా తడిపి ఆ నీటిని బయటికి వదిలారు. కంబగిరి వేలు ముంచి నాలుకకు రాసుకుని ఉమ్మేశాడు. అంత ఉప్పు తన చేనిలో ఉన్నందుకు కాక, అది పోతున్నందుకు ఆయన నవ్వాడని చెబుతారు. నేల ఆరాక పచ్చిరొట్ట ఎరువు కోసం జీలుగ చల్లి, పూతకు రాకముందే కలియదున్నారు. అప్పటి నుంచి గుప్పెడు మట్టి పిడికిట పట్టి, ముద్ద అయినా అరచేతికి తడి అంటకపోతేనే మళ్ళీ తడి పెట్టడం నియమమైంది. రాయి మీద పాచి కూడా ఎండి రాలిపోయి, కింద నుంచి ఎర్రని చాయ బయటపడింది. తడిని, ఆరుదలను సమంగా కోరిన తల్లి కాబట్టి ఆరుతడమ్మ అన్నారు.

ఒక్క పంట కారులో అంతా చక్కబడిందని వ్రాస్తే అమ్మవారు కూడా నవ్వుతుంది. తిప్పక్క తల నెరిసే దాకా పట్టింది. ఆ ఏడు గొర్రెల మంద మళ్ళీ ఆ దారిన వచ్చింది. కంబగిరి ముసలితనాన కర్ర పట్టుకుని వచ్చి, తిప్పక్కకు కబురంపి పిలిపించి, ఆమె పక్కన నిలబడ్డాడు. గొర్రెలు ఆయన పొలంలోకి దిగాయి. కోసిన మోళ్ళు కొరుకుతూ ఈ గట్టు నుంచి ఆ గట్టుకు దాటిపోయాయి. ఒక్కటీ నేలను నాకలేదు. కంబగిరి కాపరి చేతులు పట్టుకుని, ఎరువు పడుతుంది, మందను ఈ రాత్రికి నా చేన్లోనే పెట్టమని బతిమాలాడు. తిప్పక్క కాలువ గట్టున చతికిలబడి, నీరు వచ్చిన తొలినాటిలాగే తనివితీరా ఏడ్చింది.

నేటికీ జాతర ఉదయం కుండ ఎత్తేముందు గొర్రెల మందను పొలాల మీదుగా తోలుతారు. ఏ చేనిలో గొర్రె ఆగి నేలను నాకుతుందో, ఆ చేని మురుగు కాలువను ఊరూ భక్తులూ కలిసి బాగు చేసేదాకా జాతర ఆగుతుంది. నిరుడు మంద సాక్షాత్తు జాతర సంఘం అధ్యక్షులవారి పొలంలో ఆగింది. కరెంటు ఉచితం కాబట్టి ఆయన బోరు మోటారు పగలూ రాత్రీ ఆడుతూనే ఉంటుంది. గొర్రెలకు ఏం తెలుసని ఆయన కొంత వాదించారు. జనం తట్టలు అందుకున్నారు. కాసేపటికి ఆయనా పంచె ఎగ్గట్టి దిగారు. పూడిక తీసి, నీరు కదిలి వంక వైపు పారాకే పూజారి కుండ ఎత్తాడు.

అమ్మవారిని నమ్మి, ఆమె చెప్పినట్టు నడుచుకునే వారి నేల సారం తరగదని, వారి గాదె అడుగు కనబడదని ఇక్కడివారి విశ్వాసం. నిరుడు రెండో కుండ అధ్యక్షులవారిది. రాయి ఇంకా ఆరలేదని పూజారి ఆయనను వేపచెట్టు నీడన కూర్చోమన్నాడు. ఆయన కూర్చోలేదు. రాయి ఆరేలోగా వచ్చేస్తానని చెప్పి, మోటారు ఆపడానికి చేనికి నడిచారు.