సుంకమ్మ వాటా నీళ్లు

ఎర్రగుట్ట మఠంలో మరుళయ్య స్వామిని ఏదైనా ప్రశ్న అడగదలచుకున్నవాడు, ముందుగా ఆయన చేతికి పారగానీ చీపురుగానీ అందకుండా చూసుకోవాలని శిష్యులు నవ్వుకునేవారు. అడిగినదానికి ఆయన జవాబు చెప్పడు, పని చెబుతాడు. ఆ పని ముగించుకుని వచ్చేసరికి ప్రశ్న ఇంకా మిగిలి ఉంటే అప్పుడు మాట్లాడతాడు. చాలామందికి మిగిలేది కాదు.

ఆ ఏడు ప్రశ్న చెన్నబసవయ్యకు వచ్చింది. నలభై దాటిన మనిషి. ఇల్లూ వాకిలీ, అన్నదమ్ముల తగాదాలూ అన్నీ వదిలేసి మఠంలో చేరినవాడు. అయితే మఠం పొలం దగ్గరికి వచ్చేసరికి ఆ వదలడం కొంచెం వెనకబడింది. చెరువు తూము కిందనే ఉన్న ఆ మడులను అతనే చదును చేశాడు. చెరువు ఒండ్రు తట్టలతో మోసి పోశాడు. మఠానికి వచ్చిన ప్రతివాడికీ ఆ మడుల్లో పండిన అన్నమే పెడతారు. 'ఇది మన తూము కింది బియ్యం' అని చెప్పకుండా వడ్డించడం అతనికి చేతనయ్యేది కాదు.

ఆ ఊళ్లో దామాషా అని పాత కట్టుబాటు ఒకటి ఉంది. చెరువులోకి నీళ్లు తక్కువగా చేరిన ఏడు రైతులంతా కట్ట మీద కూడి, ఉన్న నీటితో ఎంత నేల పండుతుందో అంచనా వేస్తారు. తూము దగ్గర అంత నేల మాత్రమే సాగుకు తీసుకుంటారు. దాన్ని తాడుతో కొలిచి, ఆయకట్టులో పొలమున్న ప్రతి ఇంటికీ వాళ్ల పొలాన్ని బట్టి పంచుతారు. ఆ ఒక్క పంటకు అది ఎవరి నేల అన్న సంగతి మరిచిపోతారు. చెన్నబసవయ్య చిన్నతనంలో దామాషా అన్నమాట ముసలివాళ్ల కబుర్లలోనే వినబడేది. ఇప్పుడు వానలు దారి తప్పాయి. రావలసిన కార్తెలో రావు. వస్తే నెల్లాళ్ల వాన ఒక్క పూటలో కురిసి, చెరువుకు నీళ్లు తెచ్చే వంకను తెంచుకుని పక్కదారిన పోతుంది. నిరుడు దామాషా వేశారు, అంతకు ముందటేడూ వేశారు. ఈ ఏడు కూడా ఊరిపెద్ద తిప్పన్న వచ్చి మఠం గడప దగ్గర నిలబడ్డాడు.

"సామీ, చెరువులో నీళ్లు అడుక్కు పోయినాయి. తాడు పట్టుకోని రమ్మంటారా?"

రేపు చెబుతానని స్వామి ఆయన్ను పంపించాడు. తిప్పన్న అటు వెళ్లగానే చెన్నబసవయ్య గురువు ముందుకు వచ్చి కూర్చున్నాడు.

"స్వామీ, ఎప్పుడో ఒక కరువు ఏట మన నేల ఇచ్చామంటే అది దానం. ఏటా ఇస్తూ కూర్చుంటే దాన్ని ఏమనాలి? నీళ్లు అందరివీ, నేను కాదనను. ఎవరి వాటా నీళ్లు వాళ్లు తమ పొలానికే పారించుకోనివ్వండి. మన నేల మనకు ఉండనివ్వండి. ఇందులో అన్యాయం ఏముంది?"

మాట న్యాయంగానే ఉంది. నిరుటి నుంచి మనసులో నూరుకుంటున్న మాట మరి. స్వామి తల ఊపాడు.

"బాగుంది. తిప్పన్నకు నేను చెబుతాను. రేపు పొద్దున సుంకమ్మ వాటా నీళ్లు నువ్వే పారించి రా."

సుంకమ్మది ఆయకట్టులో చిట్టచివరి పొలం. తారు రోడ్డు కింది కల్వర్టు కూడా దాటిపోవాలి. భర్త పోయాక కూతురితో కలిసి తనే సేద్యం చేసుకుంటోంది. నిరుడు దామాషాలో వచ్చిన మడిలో పండిన గింజలే ఆ ఇంటికి ఏడాది తిండి. ఈ ఏడు పంట లేకపోతే తల్లీకూతుళ్లు పొట్ట చేతపట్టుకుని ఏ పట్నానికో వలస పోవాలి. ఊళ్లో అందరికీ తెలిసిన సంగతే. చెన్నబసవయ్యకూ తెలుసు.

తెల్లవారగానే అతను తూము ఎత్తాడు. మఠం మడుల పక్కగా పోతున్నంతసేపూ కాలువ నిండుగా, చూడముచ్చటగా ఉంది. ఈమాత్రం దానికి ఊరంతా ఇంత రాద్ధాంతం చేయాలా అనుకుంటూ, పార భుజాన వేసుకుని నీళ్ల వెంట నడిచాడు. మొదట నీళ్లే అతనికంటే ముందు పోయాయి. కాసేపు అతనూ నీళ్లూ సమంగా నడిచారు. చింతతోపు దాటాక అతనే ఆగి వెనక్కి చూడాల్సి వచ్చింది. ఆ ఏటి ఎండలకు కాలువ అడుగంతా నెర్రెలు విచ్చి ఉంది. ఒక్కో నెర్రె నిండితే గానీ నీళ్లు ముందుకు కదలడం లేదు. ఎండ్రకాయ బొక్క కనబడిన చోటల్లా మట్టి కూరి కాలితో తొక్కాడు. ఒకటి పూడిస్తే పక్కనే ఇంకొకటి గుటకలు వేసింది. ఓర్పు నశించి కాలువను గట్టిగానే తిట్టాడు. మఠంలో చేరాక అతని నోట తిట్టు రావడం అదే మొదలు.

కల్వర్టు దాటి, నీళ్లకంటే ముందు తనే పొలం చేరాడు. సుంకమ్మ గడ్డి చెక్కి, పొలంలోకి నీళ్లు మళ్లే మడవ తెరిచి పెట్టుకుని కాలువ వైపే చూస్తోంది.

"నీళ్లు వస్తాండాయా సామీ?"

"వస్తున్నాయి" అన్నాడు చెన్నబసవయ్య.

అతని చెమటలు చూసి ఆమె తాగడానికి తెచ్చుకున్న ముంత ఇచ్చింది. గటగటా తాగేశాడు. తాగాక ముంత ఖాళీ అయిందని చూసుకుని సిగ్గుపడ్డాడు.

మధ్యాహ్నం దాటింది, ఆమె వాటా పూట ముగిసి తూము దించే వేళయింది. నీళ్లు ఆకులూ, మేకపెంటికలూ ముందుకు తోసుకుంటూ కల్వర్టు దాకా వచ్చాయి. అక్కడ ఆగి, చూస్తుండగానే ఇంకిపోయాయి. ఇవతల జానెడు మేర మట్టి నల్లబడింది, అంతే. సుంకమ్మ వంగి ఆ తడిని చేత్తో తడిమింది. కోప్పడలేదు.

"నా వాటా ఇంతేనా సామీ?" అని అడిగింది, తెలుసుకుందామన్నట్టు.

కొలతలో చుక్క తగ్గించలేదన్న మాట చెన్నబసవయ్య నోటిదాకా వచ్చింది. తడవని మడవను చూశాక ఆ మాట అనడానికి మనసొప్పలేదు. పార తీసుకుని వచ్చేశాడు.

సాయంత్రం స్వామి మఠం అరుగు మీద చెనక్కాయలు ఒలుస్తున్నాడు.

"సుంకమ్మ వాటా ఇచ్చాను స్వామీ. ఆమెకు అందలేదు."

"ఇచ్చావా, అందలేదా? ఏదో ఒకటి చెప్పు."

చెన్నబసవయ్య పార కొనకు అంటిన మట్టి గీకాడు. "ఇవ్వలేదు స్వామీ" అన్నాడు చివరికి. "మరి ఆ ఇంకిపోయిన నీళ్లు ఎవరి వాటాలో తీసేయాలి?" అని అడిగాడు.

"పారించింది ఎవరు?"

మర్నాడు స్వామి కబురంది తిప్పన్న తాడు తెచ్చాడు. తాడు కొస చెన్నబసవయ్యే పట్టుకుని, తూము పక్కనే ఉన్న మొదటి మడిలో, తను అందరికంటే ఎక్కువ ఒండ్రు పోసిన చోట, సుంకమ్మ వాటా కొలిపించాడు. కాలువలో ఇంకిపోయిన ఆ పూట నీళ్లకు సరిపడా నేల మఠం వాటాలో తగ్గించమన్నాడు. ఇదంతా సంతోషంగా చేశాడని చెప్పడానికి లేదు. తాడు పడిన ప్రతిచోటా అతనికి కష్టంగానే ఉంది, ఆ కష్టాన్ని దాచుకోనూ లేదు. పంపకం అయ్యాక గట్టు మీద గురువు పక్కన కూలబడ్డాడు.

"వచ్చే ఏడు కూడా వానలు ఇట్లాగే ఉంటే, స్వామీ?"

మరుళయ్య స్వామి పంచె ఎగగట్టి మడిలోకి దిగాడు.

"ఎప్పుడో ఒకసారి చేస్తే దానం అన్నావు. ఏటా చేసేదాన్ని సేద్యం అంటారు నాయనా."