హవాయి చెప్పుల వైరస్

నువ్వు నమ్మవు. పందెం, చివరిదాకా చదివినా నమ్మవు.

ఒంగోల్లో ఒకడుండేవాడు, ఎవర్నీ అడక్కుండా అన్నిట్లో చెయ్యి పెట్టేవాడు. సరే, నేనే. నవ్వకు.

మా కుసుమత్త పోయిన నెల మా ఇంటికొచ్చింది. నాన్న చెల్లెలు. పుట్టినప్పట్నుంచి చూపు లేదు, కానీ కంప్యూటర్ మీద నాకంటే స్పీడు. తెర మీద ఉన్నదంతా కంప్యూటరే చదివి వినిపిస్తది, అత్త వింటూ కీబోర్డు వాయించేస్తది.

అంధుల బడిలో టీచర్ పోస్టుకి ఒక పాఠం రికార్డు చేసి శుక్రవారం ఐదింటికల్లా పంపాలి. పాఠం రెడీ. అది ఫైలుగా తయారవడానికి ముప్పావుగంట పడుతుంది. అత్త దాన్ని పెట్టి వంటింట్లోకెళ్ళేది, తిరిగొచ్చేసరికి కంప్యూటర్ ఆగిపోయుండేది. మూడ్రోజులు ఇదే గోల.

"నేనున్నాగా అత్తా" అన్నా. వైరస్ అన్నా. ర్యామ్ పీకి రబ్బరుతో రుద్దా. మొత్తం చెరిపేసి విండోస్ మళ్ళీ వేద్దామన్నా.

"నా పాఠం జోలికొస్తే చేతులు విరుగుతాయి" అంది.

శుక్రవారం పొద్దున అడిగింది. "నేను టైపు చేస్తుండగా ఎప్పుడన్నా ఆగిందా?"

"లేదు."

"పెట్టె మీద చెయ్యి పెట్టి చూశా, వేడి కూడా లేదు. నేను లేచెళ్తేనే ఆగుతోంది. అంటే రోగం పెట్టెలో లేదురా, గదిలో ఉంది."

మధ్యాహ్నం ఎవరికీ చెప్పకుండా ఫైలు మళ్ళీ మొదలుపెట్టి, పక్కన ఫోన్ రికార్డింగులో పెట్టి వెళ్ళింది. వచ్చేసరికి మళ్ళీ ఆగిపోయింది. నన్ను పిలిచి రికార్డింగ్ వేసింది.

కంప్యూటర్ ఫ్యాను బుయ్యిమంటోంది. తర్వాత టపటపా చెప్పులు. ఎవడో కూనిరాగం. టక్. ఫ్యాను ఆగిపోయింది.

"ఈ వైరస్‌కి హవాయి చెప్పులున్నాయిరా" అంది అత్త. "శ్రుతే లేదు."

ఆ చెప్పులు నావే. ఖాళీ గదిలో స్విచ్‌లు ఆపమని నాన్న రోజూ తిడతాడు. మానిటర్ నల్లగా ఉంది, కుర్చీ ఖాళీ. ఎవరో షట్‌డౌన్ చేసి మర్చిపోయారనుకుని గోడ స్విచ్ ఆపేసేవాణ్ణి. ఆగిందని అత్త పిలిస్తే వచ్చి ఆ స్విచ్ మళ్ళీ వేసేదీ నేనే, అందుకే అత్తకీ తెలీలేదు. ఫ్యాను చప్పుడు ఎలా వినబడుద్ది, చెవుల్లో ఇయర్‌ఫోన్స్.

"మానిటర్ ఎందుకు ఆపేస్తావత్తా?"

"నాకెందుకురా అది? నువ్వు బాగుచెయ్యడానికొస్తే వేసేదాన్ని, పాపం కళ్ళున్నోడివి కదా అని."

అప్పటికి నాలుగు. మళ్ళీ మొదలుపెట్టింది. నేను స్విచ్ కింద నేల మీద కాపలా, ఇయర్‌ఫోన్స్ అత్త గుప్పిట్లో. సగమయ్యాక నాన్న వచ్చి స్విచ్ మీదకి చెయ్యి చాపాడు. "అడిగి ఆపు నాన్నా" అని అడ్డం పడ్డా. ఆయన మొహం చూడాలి నువ్వు.

నాలుగూ యాభై ఒకటికి ఫైలు వెళ్ళింది. నిన్న ఫోనొచ్చింది, ఉద్యోగం అత్తకే.

ఇప్పుడు ఆ స్విచ్ మీద బ్రెయిలీ చుక్కల స్టిక్కర్ ఉంది. ఏం రాశావంటే చదవడం నేర్చుకో అంటది. మొదటి మాట దొరికింది, "ఒరేయ్".

నీతి: కంటికి ఆగిపోయినట్టు కనబడిందల్లా ఆగిపోయినట్టు కాదు, ఒకళ్ళ వస్తువు మీద చెయ్యి వేసేముందు వాళ్ళని అడగాలి. ఇంకోటి కూడా ఉంది, అదేంటంటే

ఆగు, అత్త పిలుస్తోంది