మాటకి పూచీ

మార్కండేయులు గారికి ఒక పట్టింపు ఉండేది. రాజమండ్రిలో తన చిన్న ఆఫీసులో కూర్చుని ఆసుపత్రి యంత్రాలకి, పరికరాలకి తెలుగు మాటలు కట్టడం ఆయన పని. ఆ మాటలతో ఏ సూచనల కార్డు బయటికి వెళ్లినా దాని అడుగున పూచీ పడే మనిషి పేరు, ఇంటి చిరునామా ఉండి తీరాలి. ఇదేం చాదస్తమని పెద్ద పెద్ద పండితులు నవ్వేవారు. నవ్విన వాళ్లలో ఒక్కరిని కూడా ఆయన మరచిపోలేదు.

ఆయన శిష్యురాలు వకుళ మొదటిసారి ఒక పని సొంతంగా పూర్తి చేసింది. డయాలిసిస్ యంత్రానికి అంటించే సూచనల కార్డు. ఆ సాయంత్రానికి ఆసుపత్రికి అందాలి. మాటలన్నీ ఏఐని అడిగి రాబట్టింది, చక్కగానే కుదిరాయి. తీరా పేరు రాయాల్సిన చోట ఆమె కలం ఆగిపోయింది. తేడా వస్తే రోగి ప్రాణం మీదికి వచ్చే వ్యవహారం.

“ఈ మాటలు నేను కట్టినవి కావు కదండీ గురువుగారూ. ఏఐ ఇచ్చినవి. దాని పేరే రాసేస్తే పోదూ?” అంది.

ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ ఏదో అనబోయేంతలో ఎస్తేరమ్మ లోపలికి వచ్చింది. ఆ డయాలిసిస్ వార్డుకి హెడ్ నర్సు ఆవిడ. ఒకప్పుడు నిండు సభలో ఆయన కట్టిన మాటని వెక్కిరించింది. ఆనాటి నుంచీ ఆవిడ ఎదురుపడితే ఆయన పక్క వీధిలోకి తిరిగిపోయేవారు.

“ఏమండీ మార్కండేయులు గారూ, గొట్టం మూసే క్లిప్పుని పాత కార్డులో బిగింపు అన్నారు. మొన్న పంపిన దాంట్లో నొక్కు అన్నారు. కొత్తగా చేరిన పిల్ల రెండూ వేరనుకుని, బిగింపు చేత్తో పట్టుకునే నొక్కు కోసం యంత్రమంతా వెతికింది. నేను పక్కనున్నాను గనక సరిపోయింది. అంత తెలుగు మీకెక్కణ్ణుంచి పుట్టుకొస్తుందండీ?”

ఆయన ముఖం ఎర్రబడింది. మాట మాత్రం తూలలేదు.

“తప్పు నాదే సిస్టరు గారూ. పాత కార్డు చూసుకోకుండా రాశాను. ఏది ఉంచమంటారు?”

“మా వాళ్ల నోట నలిగింది బిగింపే.”

ఆవిడ తెచ్చిన కొత్త కార్డులో నొక్కు అన్న తన మాటని ఆయన తన చేత్తోనే కొట్టేశారు.

వకుళ చటుక్కున తన కార్డు ముందుకు లాక్కుంది. తన కార్డులో ఒక వస్తువుకి ఒకే మాట పడిందో లేదో ఆమె చూసుకోలేదు. గబగబా ఏఐ చేతే వెతికించింది. అలారాన్ని ఒకచోట హెచ్చరిక, ఒకచోట గంట, ఇంకోచోట సంకేతం అన్న సంగతి అదే బయటపెట్టింది. ఏది ఉంచమంటావని అడిగితే మాత్రం మూడింటినీ సమానంగా మెచ్చుకుంది. వకుళ ఎస్తేరమ్మ వైపు తిరిగి మూడూ వినిపించింది.

“మేం అలారం అనే అంటాం. అదే రాయమ్మా, చాలు.”

వకుళ అదే రాసి, కార్డంతా మొదటినుంచీ చదివి వినిపించింది. ఫిల్టర్ని వడపోత అన్నచోట ఆవిడ పెదవి విరిచింది. రోగుల ఇళ్లవాళ్లు కూడా చదువుతారు కదండీ అని వకుళ ఆ మాటని వదలకుండా వాదించి నిలబెట్టింది. ఎస్తేరమ్మ తలూపింది.

“సరే. రేపు దీనికి తేడా వస్తే ఎవరింటికి రావాలి?”

మార్కండేయులు గారు కిటికీలోంచి వీధిలోకి చూస్తున్నారు. వకుళ కలం తీసుకుని కార్డు అడుగున తన పేరు రాసింది. దాని కింద దానవాయిపేటలో తానుంటున్న మేడమీది గది చిరునామా, మెట్లు పెరటివైపు ఉన్నాయన్న గుర్తుతో సహా రాసి ఇచ్చింది.

ఎస్తేరమ్మ వెళ్లిపోయాక వకుళ ఏఐ పేరు సంగతి మళ్లీ ఎత్తలేదు. గురువుగారే నింపాదిగా కళ్లజోడు పెట్టుకుని,

“ఆ గది అద్దెదే కదూ?” అన్నారు.

“అవునండీ.”

“ఇక మీదట ఇల్లు మారితే ఆసుపత్రిలో చెప్పి మారమ్మా.”